కొండ ఊళ్ల సోలార్‌కి రాస్ప్‌బెర్రీ పై మానిటర్: ఏళ్ల వాడకం తర్వాత

ఒడిశాలోని రాయగడ జిల్లా కొండ ఊళ్లలో, కరెంటు లైను లేనిచోట, 24 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలకు కట్టి, సోలార్ ఛార్జింగ్ రీడింగులు రాసిపెట్టడానికి వాడుతున్న మానిటర్ ఇది. రాస్ప్‌బెర్రీ పై 3 (అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు), కంట్రోలర్ డేటా కేబుల్‌ని దానికి కలిపే యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్485 అడాప్టరు, 24 వోల్టులను 5కి దించే బక్ కన్వర్టరు. బోర్డు గట్టిది. మాటిమాటికీ పోయేవి అడాప్టరు, కన్వర్టరు, ఎస్‌డీ కార్డు. అవి పోయినప్పుడల్లా కొత్తవి కొనడం దండగ, ముందు నెగెటివ్ తీగ చూడాలి.

ఛార్జ్ కంట్రోలర్ (సోలార్ ప్యానెల్ కరెంటును బ్యాటరీకి అదుపుగా పంపే పెట్టె) నెగెటివ్, రాస్ప్‌బెర్రీ పై నెగెటివ్ రెండూ బ్యాటరీకే చేరతాయి, మధ్యలో డేటా కేబుల్ గ్రౌండు వాటిని కలుపుతుంది. వానాకాలంలో ఆమ్లపు ఆవిరికి బ్యాటరీ దగ్గర కంట్రోలర్ నెగెటివ్ తీగ లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) చిలుము పట్టి వదులైతే, 30 ఆంపియర్ల ఛార్జింగ్ కరెంటు జుట్టంత సన్నని ఆ డేటా తీగలోంచి దారి వెతుక్కుంటుంది. అడాప్టరు మాడేది అప్పుడే. నెగెటివ్‌ని కూడా తెంచే రెండు పోళ్ల ఎంసీబీ ఉన్నా ఇదే ప్రమాదం: ఎంసీబీ ఆపేముందు డేటా కేబుల్ పీకి తీరాలి.

పరీక్ష తేలిక. మంచి ఎండలో మల్టీమీటరు ఒక మొన కంట్రోలర్ నెగెటివ్ స్క్రూ మీద, రెండోది బ్యాటరీ సీసపు పోస్టు మీద (లగ్గు మీద కాదు) ఆనించాలి. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 2 మీటర్లుంటే 30 ఆంపియర్లకు 70 మిల్లీవోల్టులు మామూలే. 150 దాటిందంటే జాయింటు పాడైనట్టు. లగ్గు విప్పి, గీకి, బిగించి, వాజలైన్ రాయండి.

అడాప్టరు ఐసొలేటెడ్ రకమే (రెండు వైపుల గ్రౌండులూ లోపల కలవనిది) కొనాలి. డబ్బా మీది రాత నమ్మకండి. దేనికీ కలపకముందు యూఎస్‌బీ గ్రౌండుకీ ఆర్‌ఎస్485 గ్రౌండుకీ మధ్య మల్టీమీటరుతో కంటిన్యుటీ చూడండి, బీప్ వస్తే అది ఐసొలేటెడ్ కాదు.

కన్వర్టరు సంగతి. బజారులో చవగ్గా దొరికే ఎల్‌ఎం2596 చిప్ కన్వర్టర్లలో మామూలు రకానికి పరిమితి 40 వోల్టులు. ఈక్వలైజ్‌లో (సెల్లులన్నీ సమం చేసే ఎక్కువ వోల్టేజి ఛార్జింగ్) 24 వోల్టుల బ్యాటరీ బ్యాంకు 31 దాకా పోతుంది, ఇన్వర్టరు లోడు ఒక్కసారిగా తెగితే ఆ పైన స్పైకు (క్షణంపాటు ఎగిసే వోల్టేజి). 48 వోల్టుల బ్యాంకుకైతే అది కట్టనే కూడదు. ఎస్‌ఎంబీజే33ఏ డయోడు పెడితే చాలంటారు, కానీ అది స్పైకును ఆపేది 53 వోల్టుల దగ్గర, 40 వోల్టుల చిప్‌కి అప్పటికే ఆలస్యం. 60 వోల్టులకు పైన తట్టుకునే కన్వర్టరు, ఆ డయోడు, బ్యాటరీ దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజు, మూడూ కలిసి ఉండాలి.

ఎస్‌డీ కార్డు పాడయ్యేది ఎక్కువగా సరఫరా హఠాత్తుగా పోయినందుకే. కంట్రోలర్ లోడ్ టెర్మినల్ నుంచి కరెంటు తీసుకుంటే బ్యాటరీ దిగి కంట్రోలర్ దాన్ని తెంచేసిన రాత్రల్లా ఇదే గతి. ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీ నుంచే ఇవ్వండి. తెర మీద మెరుపు గుర్తు వచ్చిందంటే బోర్డుకి 4.63 వోల్టుల కంటే తక్కువ అందుతోందని: యూఎస్‌బీ తీగ పొట్టిది, మందమైనది వేసి, కన్వర్టరును 5.1కి తిప్పండి. రీడింగులు ర్యామ్‌లో ఉంచి గంటకోసారి కార్డు మీద రాయిస్తే కార్డు చాలాకాలం మన్నుతుంది.

నాకు నచ్చనిది దీని తిండి. 3 వాట్లంటే రోజుకి 72 వాట్ అవర్లు, బ్యాంకులోంచి 3 ఆంపియర్ అవర్లు. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు చిన్న బ్యాంకుకి అది భారమే. రెండు లైట్లు, ఒక ఫ్యానుండే ఇంటికి ఈఎస్‌పీ32 (చాలా తక్కువ కరెంటు తినే చిన్న బోర్డు) చాలు. పంపు, ఫ్రిజ్ ఉన్నచోటే రాస్ప్‌బెర్రీ పై పెట్టండి, అదీ బ్యాటరీల గదిలో కాకుండా గోడకి అవతల.