బొమ్మ వాషింగ్టన్‌లో, బాల్కనీ షాతూలో

ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ గీసిన 'లంచన్ ఆఫ్ ది బోటింగ్ పార్టీ'ని మేం ముందు చూసింది వాషింగ్టన్‌లో, ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియంలో. వర్జీనియాలో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పటి మాట. డుపాంట్ సర్కిల్ మెట్రోలో దిగితే నడిచే దూరమే. నది ఒడ్డున హోటల్ బాల్కనీ, పైన చారల గుడ్డ పందిరి, భోజనాలయ్యాక బల్ల మీద మిగిలిన ద్రాక్షపళ్లు, వైన్ సీసాలు. కుక్కపిల్లని ముద్దు చేస్తున్న అలీన్‌ని రెన్వార్ తర్వాత పెళ్లి చేసుకున్నాడు. కుడివైపు కుర్చీ తిప్పి కూర్చున్న కైబాట్ కూడా చిత్రకారుడే. 1923లో ఈ మ్యూజియం పెట్టిన డంకన్ ఫిలిప్స్ ఈ బొమ్మను 1,25,000 డాలర్లకు కొన్నాడు.

పారిస్ వెళ్తే ఆ బాల్కనీ చూడాల్సిందేనని మా ఆవిడ అప్పుడే పట్టుబట్టింది. అది పారిస్ పడమట షాతూలో, సేన్ నది మధ్య లంకలో ఉంది. ఆ హోటల్ పేరు మేజోన్ ఫుర్నేజ్.

పారిస్ నుంచి శివారు ఊళ్లకు వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్లలో 'ఎ' లైన్ పట్టుకుని, సాంజెర్మాన్ ఆన్ లే వైపు వెళ్లే రైలెక్కి రుయే మాల్మేజోన్‌లో దిగాలి. నేను బోర్డు చూడకుండా అదే లైన్‌లో వేరే దారిన పోయే సెర్జీ రైలెక్కించాను. దారి మళ్లిందని తెలిసేసరికి ముప్పావుగంట పోయింది, మా ఆవిడ మాటలు అదనం. స్టేషన్ నుంచి వంతెన మీదుగా నడిచే వెళ్లాం.

ఫుర్నేజ్ కుటుంబం ఇక్కడ భోజనం పెట్టి పడవలు అద్దెకిచ్చేది. 1906లో మూతపడి పాడుబడ్డ ఇంటిని 1979లో ఊరి మున్సిపాలిటీ కొని బాగుచేయించింది. పక్కనున్న మ్యూజియం చిన్నది, గంట చాలు. తెరిచే రోజులు చూసుకుని వెళ్లండి. అసలు బొమ్మ ఇక్కడ ఉంటుందనుకుని వస్తే నిరాశే. నాకు మాత్రం ఆ ఇనుప కటకటాల కింద నిలబడి నీళ్లు చూడటమే నచ్చింది.

బస విషయానికొస్తే, పారిస్‌లో మేం దిగిన హోటల్ లిఫ్టులో ఒక మనిషి, ఒక సూట్‌కేసు పడితే గొప్ప. రెండో సూట్‌కేసు నేను మెట్ల మీద మోశాను. మెట్రోకి దగ్గరని ఎక్కువ డబ్బు పోశాం. షాతూ లాంటి చోట్లకి వెళ్లేవాళ్లు ఆర్‌ఈఆర్ స్టేషన్ దగ్గర చూసుకోవడం మేలు.

"ఇంత చిన్న బాల్కనీలో పద్నాలుగు మంది ఎలా పట్టారండీ?" అంది మా ఆవిడ. అందరూ ఒకేసారి కూర్చోలేదట. నెలల తరబడి ఎవరికి వీలైనప్పుడు వాళ్లొచ్చి కూర్చుంటే రెన్వార్ గీశాడట. "అయితే మనవాడు సెలవు పెట్టి వచ్చేదాకా ఫోటో ఆపండి" అంది.