మగ గినీపిగ్‌లకు మూడంతస్తుల రెడీమేడ్ పంజరం: డబ్బు కట్టేముందు టేపు పెట్టి కొలవండి

"నాలుగు గినీపిగ్‌లకు సరిపోతుంది" అని రాసి అమ్మే మూడంతస్తుల ఇనుప పంజరాన్ని మగవాటి గుంపు కోసం కొనకండి. చిన్న మూలలో ఇమిడిపోతుంది, ఫొటోలో ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ దాని లోపం మొదటి వారంలో బయటపడదు. అందుకే రివ్యూల్లో ఆ ఊసే కనిపించదు. ఆరేడు వారాల పిల్లలు ఎంత ఇరుకులోనైనా ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి. మూడు నాలుగు నెలలు నిండాక హార్మోన్లు పెరిగి పెత్తనం కోసం పోటీ మొదలవుతుంది. ఏడాది దాటేదాకా అది తగ్గుతూ పెరుగుతూ సాగుతుంది. అప్పటికి పంజరం వాపసు ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అమ్మేవాళ్ల లెక్క ఎలా ఉంటుందో చూడండి. అడుగు 90 × 60 సెం.మీ. అంటే 0.54 చదరపు మీటర్లు. దాన్ని మూడుతో గుణించి 1.6 చదరపు మీటర్లని రాస్తారు. గినీపిగ్‌లు ఎలుకల్లా ఎక్కి దూకే జంతువులు కావు, నేల మీద పరిగెత్తేవి. తరుముతున్నవాడి నుంచి తప్పించుకోవడానికి వాటికి కావాల్సింది ఒకే మట్టంలో, అడ్డులేని పొడవు. రెండు మగవాటికే కింది నేల ఒక్కటీ 70 × 140 సెం.మీ., అంటే దాదాపు ఒక చదరపు మీటరు ఉండాలి. మూడింటికి 70 × 210, నాలుగింటికి 105 × 210 కంటే తగ్గించవద్దని మా గట్టి సలహా. పై అంతస్తు అదనపు చోటు మాత్రమే. దాన్ని ఈ లెక్కలో కలపకూడదు.

అన్నింటికంటే ప్రమాదం ఒకే ర్యాంప్, అంటే అంతస్తుల మధ్య ఏటవాలు దారి. ఈ పంజరాల్లో ప్రతి అంతస్తుకూ ఒక్కటే దారి, అదీ పదిహేను సెం.మీ. వెడల్పుతో. గుంపులో బలమైన మగది ఆ దారి మొదట్లో కూర్చుంటే చాలు, పైనున్నది దిగలేదు, కిందున్నది ఎక్కలేదు. ఎండుగడ్డి పైన, నీళ్లసీసా కింద పెట్టి ఉంటే బలహీనమైనదానికి రెండింట్లో ఒకటి అందదు. రక్తం కనబడకపోయినా అది బరువు తగ్గిపోతుంది. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచేవాళ్లకే ఈ సంగతి ముందు తెలుస్తుంది. పై అంతస్తులో తరిమితే పారిపోవడానికి చోటు ఉండదు, మూలన ఇరుక్కున్నది తిరగబడి కరుస్తుంది. తప్పు జంతువుల స్వభావానిది కాదు, పంజరం నిర్మాణానిది.

ర్యాంప్ వాలు కూడా కొలవండి. అంతస్తుల మధ్య ఎత్తు 30 సెం.మీ., ర్యాంప్ పొడవు 40 సెం.మీ. అయితే వాలు 48 డిగ్రీలు దాటుతుంది. పొట్టి కాళ్లు, బరువైన ఒళ్లు ఉన్న గినీపిగ్ దాని మీద ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు జారుతుంది. ఆ కాస్త ఎత్తు నుంచి పడినా కాలు విరగొచ్చు, ముందు పళ్లు ఊడొచ్చు. ర్యాంప్ పొడవు ఎత్తుకు రెండింతలుంటే వాలు 30 డిగ్రీలు; అది ఆఖరి హద్దు. 25 డిగ్రీలు మేలు: 35 సెం.మీ. ఎత్తుకు 83 సెం.మీ. పొడవు వస్తుంది. రెండు మగవి ఎదురైనా తప్పుకునేలా వెడల్పు 30 సెం.మీ., రెండు పక్కలా 12 సెం.మీ. గోడ, పైన జారని ఫ్లీస్ గుడ్డ ఉండాలి. ఇనుప మెట్ల నిచ్చెన అసలు వద్దు, సందుల్లో కాలు ఇరుక్కుంటుంది.

తీగల నేల సంగతీ అంతే: అరికాళ్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. పై ట్రేకు అంచు లేకపోతే మూత్రం కింది గడ్డి మీదికి కారుతుంది. ఆ వాసన కింది మగవాటిని ఇంకా రెచ్చగొడుతుంది.

మీరే కట్టుకోవాలనుకుంటే 35 సెం.మీ. గ్రిడ్‌లు (గళ్ల ఇనుప తీగ పలకలు), గట్టి ప్లాస్టిక్ అట్ట, జిప్ టైలు (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు) చాలు. గ్రిడ్ గళ్లు 4 సెం.మీ. లోపు ఉండాలి, పెద్ద గళ్లలో చిన్నవాటి తల ఇరుక్కుంటుంది. అట్టను 15 సెం.మీ. పైకి మడిచి, మూలల్లో టేపు బయటి వైపే అంటించండి. లోపల వేస్తే కొరుకుతాయి. గ్రిడ్‌లతో వచ్చే ప్లాస్టిక్ బిగింపులు పై అంతస్తు బరువుకు ఊడిపోతాయి కాబట్టి ప్రతి అతుకుకూ మూడు జిప్ టైలు వేసి, కోసిన కొసలు బయటికి తిప్పండి. పై అంతస్తు నడిమి అతుకు కింద నిలువు గ్రిడ్ ఆనించకపోతే తడిసిన పరుపు, జంతువుల బరువు కలిసి అది కుంగుతుంది. పై అంతస్తు కింది నేలలో మూడో వంతుకు మించకుండా చూసుకోండి, కింద గాలీ వెలుతురూ ఆగిపోకూడదు. ర్యాంప్‌లు రెండు, ఎదురెదురు కొసల్లో పెట్టండి. దాక్కునే గూళ్లకు రెండేసి తలుపులు, గడ్డి, నీళ్లు, గిన్నెలు ఎన్ని మగవి ఉంటే అన్ని, అదనంగా ఇంకొకటి. ఇవన్నీ ఉన్నా మూడు నాలుగు మగవాటి గుంపు నిలుస్తుందన్న హామీ లేదు. విడదీయడానికి నడిమి గ్రిడ్‌ల వరుస ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ఆడ గినీపిగ్‌లను అదే గదిలో ఉంచవద్దు.

ఇప్పటికే రెడీమేడ్‌ది కొనేసినవాళ్లు ఈ రోజే ర్యాంప్ తీసేసి, జంతువులన్నింటినీ నేల మీద గ్రిడ్‌ల ఆవరణలోకి మార్చండి. గుర్రుమంటూ తుంటి ఊపి నడవడం మామూలే. పళ్లు కటకటలాడించడం, వెంట్రుకలు నిక్కబొడుచుకుని తల ఎత్తి ఎదురెదురుగా నిలబడటం కనిపిస్తే కనిపెట్టుకుని ఉండండి. ఒకదాని మీదికొకటి ఎగబడితే మందపాటి తువ్వాలు అడ్డువేసి విడదీయండి, ఉత్త చేతులు పెడితే లోతుగా కరుస్తాయి. వాపసు గడువు మిగిలి ఉన్నవాళ్లు ర్యాంప్ పొడవు, అంతస్తు ఎత్తు, అడుగు కొలత మూడింటికీ టేపు కనిపించేలా ఫొటోలు తీసి, "నాలుగింటికి సరిపోతుంది" అన్న ప్రకటన బొమ్మతో కలిపి పంపండి. అట్టపెట్టె, మరలు పారేయకండి.