గుర్తు బటన్ కోసమే ఈ రికార్డర్: చాలాకాలం వాడాక నా మాట

ఫోన్ ఉండగా విడిగా వాయిస్ రికార్డర్ ఎందుకని చాలామంది అడుగుతుంటారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: దాని పక్కన, బొటనవేలికి అందేచోట ఉన్న చిన్న బటన్ కోసం. రికార్డింగ్ నడుస్తుండగా దాన్ని నొక్కితే ఆ క్షణం దగ్గర ఒక గుర్తు పడుతుంది. ఇంటికొచ్చాక ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు దూకుతూ వినొచ్చు. దాని పని అంతే. ఆ ఒక్క పనికే నేను దీన్ని ఇన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నాను.

కంపెనీ పేరు, మోడల్ రాయడం లేదు. ఈ బటన్ పాకెట్ రికార్డర్లలో చాలావాటికి ఉంటుంది, పేర్లే వేరు. మెమరీ ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది లాంటివి డబ్బా మీదే ఉంటాయి.

తెలుగు బ్లాగుల్ని ఒకచోట చేర్చి చూపించే కూడలి, జల్లెడ సైట్లలో కొత్త టపాలు వెతుక్కున్న రోజుల నుంచీ నేను బ్లాగు రాస్తున్నాను. విశాఖలో బ్లాగర్ల సదస్సు అన్నా, ఇంటర్నెట్‌లో తెలుగు మీద సభ అన్నా, డిసెంబరు రెండో ఆదివారం తెలుగు బ్లాగుల దినోత్సవానికి నలుగురం కలుద్దామన్నా వీలైనంతవరకు వెళ్తాను. వెళ్లొచ్చాక అక్కడ ఎవరు ఏం చెప్పారో రాయాలి. రాలేకపోయినవాళ్లు దానికోసం ఎదురుచూస్తారు. చిక్కంతా అక్కడే. గంటసేపు ప్రసంగాన్ని వింటూ ఆపుతూ రాసుకోవడానికి నాకు ఎంత లేదన్నా నాలుగు గంటలు పడుతుంది. రోజంతా జరిగిన సభ అయితే వారం గడిచిపోతుంది, ఈలోగా రాయాలన్న ఊపు పోతుంది. గుర్తులు పెట్టుకుంటే, ఆ గంటలో నాకు కావలసిన ఏడెనిమిది నిమిషాలు ఎక్కడున్నాయో ముందే తెలుస్తుంది. ఆ ముక్కలే వింటాను, అవే రాసుకుంటాను.

గూగుల్ 2017లో తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చినప్పుడు ఇక ఈ బాధ తీరిందనుకున్నాం. ఒక్కరే నిదానంగా ఫోన్ దగ్గర పెట్టుకుని చెబితే బాగానే రాస్తుంది. హాల్లో ప్రతిధ్వని, మధ్యలో ఇంగ్లిషు, దానికితోడు మన ఉత్తరాంధ్ర యాస కలిసేసరికి సగం మాటలు వేరే మాటలైపోతాయి. అవి దిద్దుకోవడం కన్నా విని రాసుకోవడమే నయం.

అసలు నాకు ఈ బటన్ మీద ఇంత ప్రేమ ఎందుకంటే, ఇది వచ్చాక నేను తల ఎత్తి వింటున్నాను. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంటే చూపు తెర మీదే ఉంటుంది, పక్కవాళ్లకు టకటకలు. నోట్‌బుక్ అయితే ఒక వాక్యం రాసేలోపు రెండు వాక్యాలు దాటిపోతాయి. మాట్లాడే మనిషి ఎక్కడ ఆగారు, ఏ మాట దగ్గర గొంతు మారింది, ఎవరివైపు చూసి నవ్వారు, ఇవన్నీ సభకు వెళ్లినందుకు దొరికేవి. బొటనవేలు బటన్ మీద ఉంచి వింటుంటే అవేవీ పోవు.

ఫోన్‌లో కూడా గుర్తులు పెట్టే యాప్‌లు ఉన్నాయి, నిజమే. కానీ సదస్సులో ఫోన్‌కి ఊపిరి ఆడదు. స్లైడ్ల ఫొటోలు తీయాలి, అప్పటికప్పుడు రెండు ముక్కలు పోస్ట్ చేయాలి, హాల్లో వైఫై అందరూ వాడి మొరాయిస్తే పక్కావిడకు హాట్‌స్పాట్ ఇవ్వాలి. ఇంటి నుంచి కాల్ వస్తే నా ఫోన్‌లో రికార్డింగ్ ఆగిపోతుంది. భోజనాల వేళకి చార్జింగ్ ఇరవై శాతానికి దిగుతుంది. గోడకి ఉన్న ఒకటి రెండు సాకెట్ల చుట్టూ అప్పటికే జనం ఉంటారు. రికార్డర్‌కి మాత్రం రెండు ట్రిపుల్ ఏ సెల్స్ చాలు, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన విశాఖవాళ్లకు సెల్స్‌తో నడిచే వస్తువు విలువ నేను చెప్పక్కర్లేదు.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. బటన్ నొక్కాలంటే రికార్డర్ నా చేతిలో ఉండాలి. మాట స్పష్టంగా రావాలంటే అది మాట్లాడేవాళ్ల దగ్గర ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదరవు. వేదిక మీద బల్లపై పెట్టేస్తే శబ్దం చక్కగా వస్తుంది, గుర్తులు ఉండవు. చేతిలో పట్టుకుని నాలుగో వరుసలో కూర్చుంటే గుర్తులు పడతాయి, వాటితోపాటు ఫ్యాన్ల హోరు, కుర్చీల కిర్రు, పక్కవాళ్ల దగ్గు కూడా పడతాయి. నొక్కినప్పుడల్లా ‘టక్’మన్న చప్పుడు సరేసరి.

దీనికి దొరికిన దారి, మైక్‌సెట్ దగ్గర కూర్చోవడం. అందరూ వేదికకు దగ్గరగా చేరతారు, నేను మైకులన్నీ కలిపే పెట్టె, అదే మిక్సర్, దాని పక్కన ఖాళీ కుర్చీ వెతుక్కుంటాను. అక్కడ ఉండే అబ్బాయిని, ‘బాబూ, ఇందులోంచి నాకొక ఔట్ ఇస్తావా?’ అని అడుగుతాను. ఇంతవరకు కాదన్నవాళ్లు తక్కువ. ఒకసారి ఒకతను, ‘ఇస్తానండి గానీ మేడమ్, మధ్యలో వైరు పీకేస్తే స్పీకర్లలో ధబ్బుమంటాది. అయిపోయేదాకా కదపకండే’ అన్నాడు. మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ మైకు సిగ్నల్ కన్నా చాలా బలంగా ఉంటుంది. అందుకే రికార్డర్ మెనూలో ‘లైన్ ఇన్’ ఎంచుకోవాలి, మైక్‌గా వదిలేస్తే గొంతు పగిలి వినిపిస్తుంది. ఇలా తీస్తే మాట గాజులా వస్తుంది, రికార్డర్ చేతిలోనే ఉంటుంది. లోటు ఒక్కటే: జనంలోంచి మైకు లేకుండా అడిగిన ప్రశ్నలు ఇందులో పడవు. జవాబు ఉంటుంది, ప్రశ్న ఉండదు. అందుకని ప్రశ్నల సమయంలో ఫోన్‌లో కూడా రికార్డింగ్ పెడతాను.

ఇక, ఒక సభలో ఇదే బటన్ నన్ను ఇబ్బంది పెట్టిన రోజు సంగతి. పాత బ్లాగుల్ని కాపాడుకోవడం మీద ఒక పెద్దాయన మాట్లాడుతున్నారు, రిటైరయ్యాక బ్లాగు మొదలుపెట్టిన మనిషి. 2019 ఏప్రిల్ 2న గూగుల్ వాళ్ల సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్ మూతపడింది కదా, ఆయన బ్లాగులో వ్యాఖ్యలన్నీ ఆ గూగుల్ ప్లస్ పద్ధతిలోనే ఉండేవట. దాంతోపాటే అవీ పోయాయి. ‘నేను రాసింది మిగిలిందమ్మా, దాని కింద నాతో మాట్లాడినవాళ్లు పోయారు’ అన్నారు, ముందు వరుసలో ఎవరినో చూస్తూ. వెంటనే బటన్ నొక్కాను. ఆ తర్వాత పనికొచ్చే మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గూగుల్ వాళ్ల బ్లాగు సైటు ‘బ్లాగర్‌’లో బ్యాకప్ తీసుకుంటే వచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో టపాలు, వ్యాఖ్యలు ఉంటాయి గానీ బొమ్మలు ఉండవని, వాటిని విడిగా దించుకోవాలని చెప్పారు. నొక్కాను. టపా లింకుని, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్‌లో ఎలా భద్రపరచాలో చూపించారు. మళ్లీ నొక్కాను. అప్పుడు రికార్డర్ తెర ఆరిపోయింది.

సెల్స్ అంతకుముందు రోజే వేసినవి. మూత తీసి చూస్తే, మైనస్ వైపు స్ప్రింగ్ మీద ఆకుపచ్చని తుప్పు, గోటితో గీకితే పొడిలా రాలింది. మాది ఎంవీపీ కాలనీ, సముద్రపు గాలి ఇంట్లోనే ఉంటుంది. కిటికీ చువ్వల్ని తినే ఆ ఉప్పు గాలే స్ప్రింగ్‌నీ తినేసింది. బటన్‌కి సరిగ్గా వెనకవైపే సెల్స్ గది. గట్టిగా నొక్కేసరికి సెల్ కొద్దిగా కదిలి, తుప్పు పట్టిన స్ప్రింగ్‌కి పట్టు తప్పింది. నాకు ప్రాణమైన బటనే రికార్డింగ్‌ని ఆపేసింది.

మళ్లీ ఆన్ చేస్తే ఆ ఫైలు నిడివి సున్నా చూపించింది. నాకు చెమటలు పట్టాయి. ఆయన వయసు, ఆ మాటలు మళ్లీ అలా వస్తాయో రావో అన్న బెంగ. ఇలాంటప్పుడు అదే మెమరీ కార్డు మీద ఇంకేమీ రికార్డు చేయకూడదు, పోయిన దాని మీద కొత్తది పడే ప్రమాదం ఉంది. కార్డు తీసి పర్సులో వేసుకుని, ఇంకో కార్డు పెట్టి, రికార్డర్‌ని కదలకుండా ఒళ్లో పెట్టుకుని మిగతాది తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఫైలు సైజు నాలుగు వందల ఎంబీ దాకా ఉంది, ఏ ప్లేయర్‌లోనూ మోగదు. అది వేవ్ ఫైలు, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచేది. దాని మొదట్లో చిన్న హెడర్ ఉంటుంది, లోపల ఎంత శబ్దం ఉందో అందులో రాసి ఉంటుంది. ఆ అంకెను రికార్డర్ చివర్లో, స్టాప్ నొక్కినప్పుడు నింపుతుంది. మధ్యలో కరెంటు పోతే శబ్దమంతా కార్డులో ఉన్నా, హెడర్‌లో సున్నాయే ఉండిపోతుంది. ఆడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ‘ఇంపోర్ట్, రా డేటా’కి వెళ్లి, నా రికార్డర్ ఫైలుకి తగ్గట్టు 16 బిట్, లిటిల్ ఎండియన్, స్టీరియో, 44100 అని ఇస్తే హెడర్‌తో పని లేకుండా ఫైలు తెరుచుకుంటుంది. మొదట ‘టప్’మని చిన్న చప్పుడు, ఆ వెంటనే పెద్దాయన గొంతు! ఆ రాత్రి నా ఆనందం ఇంతా అంతా కాదు.

గుర్తులు మాత్రం ఒక్కటీ లేవు. నా రికార్డర్ వాటిని కూడా స్టాప్ నొక్కాకే ఫైల్లో రాస్తుందని అప్పుడు తెలిసింది.

ఆదుకున్నది ఫోన్. సభకు వెళ్లేముందు రికార్డర్ గడియారాన్ని ఫోన్ టైముతో సరిచూసుకోవడం నాకు అలవాటు. రికార్డింగ్ మొదలైన సమయం ఫైలు పేరులోనే ఉంటుంది. తీసిన ప్రతి ఫొటోలోనూ దాని సమయం ఉంటుంది. 10:40కి రికార్డింగ్ మొదలైతే, 11:07కి తీసిన స్లైడ్ ఫొటో దగ్గరి మాట ఇరవై ఏడో నిమిషంలో ఉన్నట్టే. ఫొటోలు, నేను గ్రూపులో పంపిన మెసేజీల సమయాలు పక్కన పెట్టుకుని, ఆడాసిటీలో కంట్రోల్ బి కొడుతూ లేబుళ్లు పెట్టుకున్నాను. కావలసినవన్నీ దొరికాయి. ‘మాట్లాడినవాళ్లు పోయారు’ అన్న వాక్యానికి మాత్రం ఫొటో లేదు, అప్పుడు చూస్తూ ఉండిపోయాను. దాన్ని మొదటి నుంచీ విని పట్టుకున్నాను.

అప్పటి నుంచి బటన్ నొక్కినా ముఖ్యమైన చోట ఒక ఫొటో కూడా తీస్తున్నాను, తెర మీద ఏమీ లేకపోయినా సరే. ప్రసంగాలకు వేవ్ మానేసి 192 కేబీపీఎస్ ఎంపీ3కి మారాను. వేవ్‌లో గంటకు ఆరు వందల ఎంబీ పైనే అవుతుంది, ఇందులో తొంభై లోపే. పైగా ఎంపీ3 చిన్న చిన్న ముక్కలుగా రాసుకుంటూ పోతుంది కాబట్టి, మధ్యలో ఆగినా అప్పటివరకు పడింది మామూలుగానే మోగుతుంది. పాట రికార్డు చేయాలంటే తేడా ఉండొచ్చేమో, మాటకు నా చెవికి ఏమీ తెలియలేదు. జగదాంబ దగ్గర మొబైల్ రిపేర్ చేసే అతను ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో బ్రష్ పెట్టి స్ప్రింగ్ శుభ్రం చేసి, ఒక మడత కాగితం వెనక ఇరికించి బిగుతుగా చేసిచ్చాడు. ఇప్పుడు ఇంట్లో ఉన్నంతసేపూ సెల్స్ తీసేసి, సిలికా జెల్ పొట్లాలతో స్టీలు డబ్బాలో పెడుతున్నాను. మళ్లీ తుప్పు జాడ లేదు.

బయట ఇంటర్వ్యూలకు దీన్ని నమ్మకండి. సభ అయ్యాక బీచ్ రోడ్డులో, కుర్సుర సబ్‌మెరైన్ ఎదురుగా నిలబడి మాట్లాడించిన ప్రతిసారీ గాలి హోరే మిగిలింది. దాంతో వచ్చిన స్పాంజి తొడుగు అక్కడ చాలదు. బొచ్చు తొడుగు వేసి, లోతైన హోరును తగ్గించే ‘లో-కట్’ ఆన్ చేస్తే కొంత నయం.

కొనమంటారా అంటే, మీరు సభలకు వెళ్లి వాటి గురించి పెద్దగా రాసేవాళ్లయితే, మైక్‌సెట్ పక్కన కూర్చోవడానికి మొహమాటం లేకపోతే, కొనండి. కొనేముందు ఒకటి చూడండి: రికార్డింగ్ మధ్యలో సెల్స్ తీసేస్తే గుర్తులు ఉంటాయా పోతాయా అని షాపులోనే పరీక్షించమనండి. కొన్నింటిలో గుర్తులు ఫోన్‌లోకి కాపీ చేశాక కనిపించవు కూడా, నా దాంట్లో అంతే. ఫోన్‌లోనే విని ఫోన్‌లోనే రాసేవాళ్లకు అది పెద్ద ఇబ్బంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని రాసే మనిషిని కాబట్టి సర్దుకున్నాను. ఏడాదికి ఒక సభకు వెళ్లేవాళ్లయితే రికార్డర్ జోలికి పోకుండా ఒక మంచి పవర్ బ్యాంకు, ఫోన్‌కి తగిలించే కాలర్ మైకు తీసుకోండి.