ఆర్‌లో ఎస్‌పీడెప్, స్పేషియల్‌రెగ్: చాలాకాలం వాడాక

జిల్లాలవారీ ఆదాయం, భూముల ధరలు, కూలి రేట్ల మీద రిగ్రెషన్ వేసేవాళ్లకు పక్క జిల్లాతో పేచీ తప్పదు. ఇరుగుపొరుగు జిల్లాల ఎర్రర్లు (మోడల్ వివరించలేని తేడాలు) కలిసి కదులుతాయి కాబట్టి, ఓఎల్‌ఎస్ (మామూలు రిగ్రెషన్) చూపించే స్టాండర్డ్ ఎర్రర్లు చాలాసార్లు ఉండాల్సినదాని కంటే తక్కువగా వస్తాయి. ఈ పనికి నేను ఏళ్లుగా వాడుతున్నవి గణాంకాల భాష ఆర్‌లోని ఎస్‌పీడెప్ (spdep), స్పేషియల్‌రెగ్ (spatialreg) అనే రెండు ప్యాకేజీలు. వీటి వెనక ప్రధానంగా ఉన్నది రోజర్ బివాండ్. మోడల్ అంచనా వేసే ఫంక్షన్లు 2019లో ఎస్‌పీడెప్ నుంచి స్పేషియల్‌రెగ్‌కు మారాయి. పాత కోడ్ ఆగిపోతే ముందు అది చూడండి.

లెక్కల్లో వీటిని పూర్తిగా నమ్మొచ్చు. చిక్కంతా మనం ఇచ్చే వెయిట్ మ్యాట్రిక్స్‌లోనే, అంటే ఎవరికి ఎవరు పొరుగో, ఎంత బరువో చెప్పే పట్టికలోనే. రాష్ట్రాల మ్యాప్ తీసుకుని సరిహద్దు తగిలితే పొరుగు అనే డిఫాల్ట్‌తో నడపండి. పుదుచ్చేరికి తమిళనాడు, మాహే వల్ల కేరళ, యానాం వల్ల ఆంధ్రప్రదేశ్ పొరుగులుగా వస్తాయి. వరుస మొత్తం 1 అయ్యేలా సర్దితే మూడింటికీ తలా 1/3. అంటే 30 చదరపు కిలోమీటర్ల యానాం పుణ్యమా అని ఆంధ్రకు తమిళనాడుతో సమానమైన బరువు! ఇలాంటిచోట ఉమ్మడి సరిహద్దు పొడవును బట్టి బరువులివ్వడం నయం.

అండమాన్, లక్షద్వీప్‌లకు పొరుగే ఉండదు, ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. చాలామంది జీరో పాలసీ అనే ఆప్షన్‌ను (పొరుగు లేని యూనిట్లనూ అనుమతించేది) ట్రూ చేసి ముందుకు పోతారు. అప్పుడు ఆ దీవుల పొరుగు సగటు 0 అవుతుంది. ఆదాయపు సంవర్గమానం (log) లాంటి చలరాశికి 0 అంటే అర్థం లేని విలువ. అత్యంత దగ్గరి ఒక యూనిట్‌ను పొరుగుగా ఇవ్వండి, లేదా వాటిని వదిలేయండి.

షేప్‌ఫైల్ అనే మ్యాప్ ఫైల్‌లో సరిహద్దుల మధ్య సన్నని ఖాళీలుంటే నిజమైన పొరుగులు కూడా జారిపోతాయి. మ్యాప్ రెండు మూడు విడి ముక్కలుగా ఉందని కొత్త వెర్షన్లు హెచ్చరిస్తాయి, దాన్ని దాటేయకండి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగానికి యూటీఎం 44 ఉత్తర జోన్ (మీటర్లలో కొలిచే మ్యాప్ ప్రొజెక్షన్) సరిపోతుంది. అందులోకి మార్చి, స్నాప్ విలువను (ఎంత ఖాళీ ఉన్నా తగిలినట్టే లెక్కించాలో చెప్పేది) మీటర్లలో కొంచెం కొంచెంగా పెంచి, లింకుల్ని మ్యాప్ మీద గీసి చూసుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదం వరుసల క్రమం. ప్యాకేజీ జిల్లా పేర్లను సరిపోల్చదు, సంఖ్య సరిపోతే చాలు. మ్యాట్రిక్స్ కట్టాక, పట్టికలను కలిపే మర్జ్ ఫంక్షన్ వాడితే డేటా అక్షరక్రమంలోకి మారిపోతుంది. ఆదిలాబాద్ డేటాకు ఇంకో జిల్లా పొరుగులు తగులుకుంటాయి, ఎర్రర్ మాత్రం రాదు. డేటా అంతా కలిపాకే పొరుగు జాబితా కట్టండి. మ్యాప్, డేటా ఒకే కాలానివై ఉండాలి కూడా: 2011 జనగణనలో దేశమంతా 640 జిల్లాలు, తెలంగాణ 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి చేరింది.

పొరుగు విలువలు కలిసి కదులుతున్నాయా అని చూసేది మోరాన్ టెస్ట్. రెసిడ్యువల్స్ (రిగ్రెషన్ మిగిల్చిన తేడాలు) మీద మామూలు మోరాన్ టెస్ట్ సరికాదు. రిగ్రెషన్ కోసం విడిగా ఉన్న ఎల్‌ఎం మోరాన్ టెస్టే వాడాలి.

పొరుగుల విలువనూ చేర్చే స్పేషియల్ లాగ్ (lag) మోడల్‌లో బీటాను (చలరాశి గుణకం) నేరుగా ప్రభావంగా చదివేసిన పేపర్లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి, బాధగా ఉంటుంది. రో (పొరుగు ప్రభావపు గుణకం) 0.4, బీటా 0.3 అయితే మొత్తం ప్రభావం 0.3/(1−0.4), అంటే 0.5. ఇంపాక్ట్స్ ఫంక్షన్ దాన్ని ప్రత్యక్షం (సొంత జిల్లా మీద), పరోక్షం (ఇతర జిల్లాల మీద) అని విడదీసి ఇస్తుంది.

మోడల్ అంచనాకు డిఫాల్ట్ అయిన ఐగెన్ పద్ధతి (మొత్తం మ్యాట్రిక్స్‌ను మెమరీలో పెట్టేది) జిల్లాలకు చాలు. 20,000 గ్రామాలైతే ఆ ఒక్క మ్యాట్రిక్స్‌కే 3.2 జీబీ మెమరీ కావాలి. అప్పుడు స్పార్స్ మ్యాట్రిక్స్ పద్ధతి (సున్నాలను దాచుకోనిది), అత్యంత దగ్గరి కె (k) యూనిట్లను పొరుగులుగా తీసుకున్న బరువులైతే ఎల్‌యూ పద్ధతి పెట్టండి.

సిద్ధాంతపరంగా ఒక పరిమితి ఉంది. ఎకనామెట్రిక్స్ పరిశోధకుడు లీ 2004లో నిరూపించినట్టు ఎర్రర్లు నార్మల్ కాకపోయినా ఈ ప్యాకేజీ వాడే లైక్లీహుడ్ అంచనా నిలబడుతుంది, కానీ వాటి వేరియన్స్ అన్నిచోట్లా ఒకటే అయి ఉండాలి. హైదరాబాద్, ములుగు ఒకే డేటాలో ఉన్నప్పుడు అలా అనుకోవడం కష్టం. అందుకే పరిశోధకులు కెలెజియన్, ప్రూచాల జీఎంఎం దారిలో (లైక్లీహుడ్ లేకుండా, వేరియన్స్ తేడాలను తట్టుకునే పద్ధతి) నడిచే ఎస్‌ఫెట్ (sphet) ప్యాకేజీతోనూ అదే మోడల్ నడిపి రో పోల్చుకుంటాను. పొరుగు ప్రభావం కొలవనక్కర్లేదు, స్టాండర్డ్ ఎర్రర్లు సరిచేస్తే చాలనుకుంటే ఇదంతా అక్కర్లేదు. ఫిక్సెస్ట్ (fixest) ప్యాకేజీలో కాన్లీ ఎర్రర్లు (కటాఫ్ దూరం లోపలి యూనిట్ల సంబంధాన్ని లెక్కలోకి తీసుకునే స్టాండర్డ్ ఎర్రర్లు) తీసుకుని, 50, 100, 200 కిలోమీటర్ల కటాఫ్‌లతో మూడూ పట్టికలో ఇవ్వండి.