తూటా ప్రయాణం: కౌంటర్-స్ట్రైక్, ఆర్మా 3

కౌంటర్-స్ట్రైక్, ఆర్మా 3 అనే రెండు షూటింగ్ వీడియో గేముల్లో తుపాకీ గురిని ఏది బాగా చూపిస్తుంది? కౌంటర్-స్ట్రైక్‌లో ట్రిగ్గర్ నొక్కిన క్షణమే తూటా తగులుతుంది. దానికి ప్రయాణ సమయం లేదు, కిందికి వంగడం లేదు. పరుగెత్తుతూ కాలిస్తే మాత్రం గురి చెదురుతుంది, ఆగి కాల్చాలి.

2013లో వచ్చిన ఆర్మా 3 దారి వేరు. తూటా గాలి ఒరిపిడికి వేగం కోల్పోతూ, గురుత్వాకర్షణకు వంగుతూ పోతుంది. నిజమైన 5.56 మి.మీ. రైఫిల్ తూటా సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో బయలుదేరినా, 300 మీటర్లు చేరడానికి దాదాపు 0.4 సెకను పడుతుంది. ఆలోగా సెకనుకు 5 మీటర్ల చొప్పున పరుగెత్తే మనిషి రెండు మీటర్లు జరిగిపోతాడు. కాబట్టి గురి పెట్టవలసింది అతని మీద కాదు, అతని ముందున్న ఖాళీ మీద! దూరం అంచనా వేసి సైటు (తుపాకీ మీద గురి చూసే పరికరం) సరిచేసుకోవాలి. కొండెక్కి అలసిన సైనికుడి చేతిలో రైఫిల్ ఊగుతూ ఉంటుంది. ఊపిరి బిగబట్టాలి, లేదా గోడకు ఆనించాలి. గురి అనే విద్యకు ఇంత గౌరవం ఇచ్చిన ఆట కాబట్టే నా ఓటు దీనికి. గాలివాటు తూటాను పక్కకు నెట్టకపోవడం లోటే. ఏస్ అనే మాడ్ (ఆటగాళ్లు తయారుచేసిన అదనపు హంగు) చేర్చుకుంటే అదీ తీరుతుంది.

ఇరుకు సందుల్లో సంగతి వేరు. 20 మీటర్ల దూరాన్ని తూటా సెకనులో నలభయ్యో వంతు లోపే దాటేస్తుంది. అక్కడ కౌంటర్-స్ట్రైక్ లెక్క నిజ జీవితానికి దగ్గరగానే ఉంటుంది.