బూడిదైన నగరం: కొత్తగా కట్టాలా, ఉన్నట్టే కట్టాలా?

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరకేంద్రం 1940 మేలో జర్మన్ బాంబులకు కాలిపోయింది. పోలండ్ రాజధాని వార్సాను 1944లో జర్మన్ సైన్యం పనిగట్టుకుని కూల్చింది.

భూమి: రోటర్‌డామ్ నగరకేంద్రంలోని స్థలాలను స్వాధీనం చేసుకుని, 1946 ప్రణాళికతో పాత వీధుల గీతలనే మార్చేసింది. వార్సా పాతబస్తీ వీధులు పాత దారిలోనే ఉన్నాయి.

శ్రమ: వార్సాలో 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొట్టో గీసిన నగర చిత్రాలు ముందు పెట్టుకుని ఇళ్ల ముఖభాగాలు మళ్లీ కట్టారు. ఎంత ఓపిక! రోటర్‌డామ్‌లో వాన్ డెన్ బ్రూక్, బాకెమా అనే వాస్తుశిల్పులు 1953లో లైన్‌బాన్ ఇచ్చారు: కార్లు రాని వీధి, దుకాణాల ముందు వాన తగలని చూరు.

నష్టం: రోటర్‌డామ్ కేంద్రంలో ఇళ్లు తగ్గి రాత్రిళ్లు వెలితిగా ఉండేది. వార్సాలో పాత రూపు గోడల వెనుక కొత్త గదులు.

వ్యాపారం, రాకపోకలు ముఖ్యమైతే రోటర్‌డామ్ దారి. శత్రువు జ్ఞాపకాన్నే తుడిచేయాలని చూసిన చోట, నా మట్టుకు వార్సాదే సరైన దారి.