ఫ్లైయాష్ సిమెంటా, స్లాగ్ సిమెంటా?

సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. ఆ రసాయన చర్యలో బలాన్నిచ్చే జిగురుతోపాటు సున్నం కూడా పుడుతుంది. సున్నం బలానికి పెద్దగా పనికిరాదు. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన సిమెంటు), పీఎస్‌సీ (స్లాగ్ కలిపిన సిమెంటు)ల కథ ఆ సున్నంతోనే మొదలవుతుంది.

పీపీసీలో కలిపేది థర్మల్ ప్లాంట్ల బూడిద, అంటే ఫ్లైయాష్, 15 నుంచి 35 శాతం దాకా. మామూలుగా అది తనంతట తాను గట్టిపడదు. క్లింకర్ (సిమెంటుకు మూలమైన, కొలిమిలో కాల్చిన గడ్డలు) సున్నం వదిలేదాకా కాచుకుని, దాన్ని పట్టుకుని కొత్త జిగురు చేస్తుంది. అందుకే మొదటి వారం మందకొడిగా ఉన్నా, నెల దాటాక కూడా బలం పెరుగుతూనే ఉంటుంది. రేణువులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ప్లాస్టరింగ్‌లో తాపీ కింద భలే సాఫీగా జారుతుంది.

పీఎస్‌సీలో స్లాగ్ 25 నుంచి 70 శాతం. స్లాగ్ అంటే ఇనుము తీసే కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌లో మిగిలే చిట్టం. ఆ కరిగిన చిట్టాన్ని నీళ్లతో ఒక్కసారిగా చల్లార్చి పొడి చేస్తారు. దీంట్లో కాల్షియం సొంతంగానే ఉంది, సున్నం కాస్త కదిలిస్తే చాలు. స్లాగ్ ఎక్కువున్న కొత్త కాంక్రీటును పగలగొడితే లోపల నీలం కలిసిన ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, గాలి తగిలాక పోతుంది.

విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పునాదులకు నేనైతే పీఎస్‌సీనే అంటాను. మిగతాచోట్ల మామూలు ఇంటికి పీపీసీ చాలు. 28 రోజులకు రెండింటికీ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) అడిగే కనీస బలం ఒకటే, 33 మెగాపాస్కల్స్. దయచేసి క్యూరింగ్ ఏడు రోజులతో ఆపకండి. మన ఎండలకు గోనెసంచులు కప్పి 14 రోజులు తడపండి, సెంట్రింగ్ విప్పడానికి తొందరపడకండి.